పేట వార్తల సైటు ఎవరి చేతిలో ఉంటే మేలు?

2017 నవంబరు 2న న్యూయార్క్, షికాగో నగరాల్లో డీఎన్‌ఏఇన్ఫో సైటు తెరిచినవాళ్లకి ఉన్నట్టుండి వార్తల బదులు ఒక ఉత్తరం కనిపించింది. సైటు మూసేస్తున్నానని కోటీశ్వరుడైన యజమాని జో రికెట్స్ రాసిన ఉత్తరం అది. 2009 నుంచి వీధి వీధి కబురూ మోసిన సైటు ఆ ఒక్క పేజీతో ఆగిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే ఆయన కొన్న న్యూయార్క్ వార్తల సైటు గోథమిస్ట్ కూడా దాంతోపాటే మూతపడింది. 115 మంది ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. వ్యాపారంగా నిలదొక్కుకోలేదన్నది యజమాని చెప్పిన కారణం. న్యూయార్క్ సిబ్బంది యూనియన్ కావాలని ఓటేసి అప్పటికి వారమే అయింది. పాత వార్తలు సైతం ఆ రోజు కనిపించకుండా పోయాయి. ఎనిమిదేళ్ల రాతంతా పోయిందనుకుని విలేకరులు లబలబలాడాక మళ్లీ పెట్టారు.

ఇలాంటి సైట్లు ఎందుకు మూతపడతాయని అడిగితే డబ్బు చాలక అంటారు. అది నిజమే కానీ పూర్తి జవాబు కాదు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా మొదలైన కొన్ని సైట్లు పదిహేను, ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాయి. బోలెడు పెట్టుబడితో వచ్చినవి రెండు మూడేళ్లకే చేతులెత్తేశాయి. అందుకే సైట్లను ఆదాయాన్ని బట్టి కాకుండా యజమానిని బట్టి పోల్చి చూడాలంటాను. నష్టం వచ్చిన రోజున మూసేద్దామా, ఇంకొన్నాళ్లు ఈడుద్దామా అని తేల్చేది ఎవరు?

ముందు ఖర్చు సంగతి చూద్దాం. మున్సిపల్ కౌన్సిల్ సమావేశం ఒకటి ఉందనుకోండి. విలేకరి మూడు గంటలు కూర్చోవాలి. నలభై పేజీల ఎజెండాలో ఎక్కడో ఒక్క లైనులో ఒక రోడ్డు కాంట్రాక్టు గడువు పెంచినట్టు ఉంటుంది. ఎందుకు పెంచారని ఇంజినీరుకి ఫోన్ చేయాలి, కాంట్రాక్టరుకి చేయాలి, ఆ వీధివాళ్లనీ అడగాలి. రాసేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వార్త అవసరమున్నది ఆ చుట్టుపక్కల ఉండే కొన్ని వందల మందికే. అన్ని వ్యూస్‌కి ఆటోమేటిక్‌గా వచ్చే యాడ్స్ డబ్బులు విలేకరి బండి పెట్రోలుకి కూడా చాలవు. పోనీ పేటలోని షాపుల దగ్గర యాడ్స్ అడుగుదామంటే, ఆ నాలుగు వీధుల జనానికే యాడ్ చూపించే సౌకర్యం గూగుల్, ఫేస్‌బుక్ ఇంకా చౌకగా ఇస్తున్నాయి. ఈ లెక్క ఎవరు నడిపినా మారదు. మారేది, ఆ లోటును ఎవరు, ఎంతకాలం మోస్తారన్నదే.

పెద్ద కంపెనీ గొలుసు సైట్ల దగ్గర మొదలుపెడదాం. అన్నిటికంటే పెద్ద ప్రయోగం ప్యాచ్. అమెరికాలో 2007లో పుట్టింది. 2009లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ కొంది. చిన్న ఊరికో ఎడిటరు, అందరికీ ఒకటే టెంప్లేటు, యాడ్స్ అమ్మకం కంపెనీది. ఒక దశలో సైట్లు 900 దాకా పెరిగాయి. ఊరి ఎడిటరే వార్త రాయాలి, ఫొటో తీయాలి, దిద్దాలి, పేజీ కూడా నింపాలి. ఒక్క ఊరిని చూస్తే ఇది బాగానే ఉంటుంది, ఎందుకంటే జీతం తీసుకునే విలేకరి ఒకరు ఆ ఊరికి దొరికారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఊరి భవిష్యత్తు ఆ ఊళ్లో తేలదు. వాటాదారులు నష్టాల లెక్క అడిగారు, 2012లో స్టార్‌బోర్డ్ వాల్యూ అనే పెట్టుబడి ఫండ్ ఏఓఎల్ బోర్డు సీట్ల కోసం పోటీకే దిగింది. 2014 జనవరిలో ఏఓఎల్ ప్యాచ్‌లో మెజారిటీ వాటాను హేల్ గ్లోబల్ అనే పెట్టుబడి సంస్థకి అప్పగించింది. కొద్ది రోజుల్లోనే వందల మందిని తీసేశారు. ప్యాచ్ పేరు ఇప్పటికీ ఉంది, తర్వాత లాభాల్లోకి కూడా వచ్చింది. కానీ ఊరికో ఎడిటర్ అన్న మాట మాత్రం పోయింది. తమ ఊరి సైటు బాగా నడుస్తున్నా 900 సైట్ల మొత్తం లెక్క నష్టంలో ఉంటే ఆ ఊరి ఎడిటరు ఏం చేయగలడు? గొలుసు పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే.

ఎవ్రీబ్లాక్‌కీ ఇదే జరిగింది. 2008లో, జర్నలిజానికి సాయం చేసే నైట్ ఫౌండేషన్ గ్రాంటుతో మొదలైన ఆ సైటు నేరాలు, తనిఖీలు, పర్మిట్ల సమాచారాన్ని వీధివారీగా చూపించేది. 2009లో ఎంఎస్ఎన్‌బీసీ డాట్ కామ్ అనే పెద్ద వార్తల సైటు కొనుక్కుంది. 2013 ఫిబ్రవరిలో చెప్పాపెట్టకుండా మూతేశారు. ఇరుగుపొరుగు అక్కడే కలిసి మాట్లాడుకునేవాళ్లు, ఆ పూట ఎటు పోవాలో కూడా వాళ్లకి తెలియలేదు. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక లీడ్స్, కార్డిఫ్, ఎడిన్‌బరాల్లో పెట్టిన స్థానిక పేజీలు కూడా 2011లో ఆగిపోయాయి.

ధనవంతుడి ఒడిలో పెరిగే సైటు గొలుసు కంటే కొంచెం నయం అనిపిస్తుంది, ఎందుకంటే నష్టాన్ని ఎనిమిదేళ్లు భరించే ఓపిక రికెట్స్‌కి ఉండింది. ఆ ఎనిమిదేళ్లలో డీఎన్‌ఏఇన్ఫో మంచి విలేకరులను తయారుచేసింది. దాన్ని కాదనలేను. అయితే ఆ ఓపిక ఎప్పుడు అయిపోతుందో ఆయనకొక్కడికే తెలుసు.

జనమే ఉచితంగా రాస్తారు, మనం వేదిక ఇస్తే చాలు అన్న ఆలోచన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. వాషింగ్టన్ శివార్లలో 2005లో మొదలైన బ్యాక్‌ఫెన్స్ దాన్నే నమ్ముకుంది, 13 సైట్ల దాకా వెళ్లింది, 2007లో మూతపడింది. అందమైన సూర్యోదయం ఫొటో ఎవరైనా పంపుతారు. కౌన్సిల్‌లో మూడు గంటలు కూర్చోవడానికి మాత్రం ఎవరూ రారు.

ఇక ఊళ్లోనే ఉండే యజమాని. సియాటెల్‌లో వెస్ట్ సియాటెల్ బ్లాగ్ 2005 చివర్లో ఇంటి సరదాగా మొదలైంది. 2006 డిసెంబరులో పెనుగాలి వచ్చి ఆ ప్రాంతంలో లక్షల మందికి కరెంటు పోయింది. పెద్ద మీడియా నగరం మొత్తం గురించి చెబుతుంటే, మా వీధికి కరెంటు ఎప్పుడొస్తుంది అనే ప్రశ్నకి జవాబు వెతికింది ఈ సైటే. జనం అప్పట్నుంచి దీన్ని వార్తల కోసం చూడటం మొదలుపెట్టారు. ట్రేసీ రికార్డ్ వార్తలు రాస్తే, భర్త ప్యాట్రిక్ సాండ్ యాడ్స్ చూసుకునేవారు. ఆ యాడ్స్ వ్యూస్ లెక్కన వచ్చేవి కావు. పేటలోని వ్యాపారులు నెలకింత అని కట్టేవి. వ్యాపారికి ఎదురుగా ఉండేది తనకు తెలిసిన మనిషి, ఆ సైటుని చదివేది తన షాపుకొచ్చే జనం. గూగుల్ ఎంత చౌకగా ఇచ్చినా ఈ నమ్మకాన్ని ఇవ్వలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని బటావియా నుంచి వచ్చిన ఉదాహరణ నాకు ఇంకా బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఒకటే సైటు రెండు చేతుల్లో నడిచింది. ద బటావియన్‌ను 2008లో గేట్‌హౌస్ మీడియా గొలుసు మొదలుపెట్టింది. ఆ కంపెనీలో పనిచేసిన హోవర్డ్ ఓవెన్స్ 2009లో బయటికొచ్చి సైటును తానే తీసుకుని నడిపాడు. 15,000 మంది ఉండే ఊరది. గొలుసులో అంత చిన్న ఊరు లెక్కకి కూడా రాదు. సొంత చేతుల్లో అదే ఒక కుటుంబానికి బతుకుతెరువయింది.

ఈ పద్ధతిలో ఉన్న బాధను దాచకూడదు. సెలవుండదు. అర్ధరాత్రి అగ్నిప్రమాదం జరిగినా ఫోన్ వీళ్లకే వస్తుంది. జ్వరమొస్తే సైటుకీ జ్వరమే. టెన్షన్ తట్టుకోలేక పదేళ్లకి ఆపేసినవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల తర్వాత అందుకునేవాళ్లు దొరకడం కష్టం. ఒంటి చేత్తో నడిచే సైటు మూతపడేది నష్టం వల్ల కంటే అలసట వల్లే ఎక్కువని నా నమ్మకం.

చివరగా పాఠకులే మోసే సైట్లు. డీఎన్‌ఏఇన్ఫో షికాగో ఎడిటర్లు కొందరు మూత తర్వాత ఊరుకోలేదు. లాభాపేక్ష లేని సంస్థగా బ్లాక్ క్లబ్ షికాగో పెట్టి, 2018లో, జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటులో అడిగారు. అడిగింది 25,000 డాలర్లు, వచ్చింది 1,80,000 డాలర్లకు పైనే. అదే నగరం, చాలావరకు అవే పేటలు. ధనవంతుడు నిలపలేనన్న పనికి చదివేవాళ్లు చేయి అందించారు. కాలిఫోర్నియాలో 2009లో పుట్టిన బర్క్‌లీసైడ్ తన 355 మంది పాఠకులకు వాటాలు అమ్మి 10 లక్షల డాలర్లు కూడగట్టింది, 2019లో లాభాపేక్ష లేని సంస్థగా మారింది. బ్రిటన్‌లో 2014లో మొదలైన బ్రిస్టల్ కేబుల్ ఇంకో అడుగు ముందుకేసి సహకార సంఘమైంది. సభ్యుడికి ఒక్కో ఓటు. ఎలాంటి యాడ్స్ తీసుకోవాలన్నది కూడా సభ్యులే తేల్చుకుంటారు.

దీని కష్టం దీనికుంది. ప్రతి ఏడూ మళ్లీ అడగాలి. ఇచ్చే స్తోమతున్న పేటలకు సైటు దొరుకుతుంది, బీదపేటలకు దొరకదు. ఫౌండేషన్ గ్రాంట్లు ఆ తేడాను కొంత పూడుస్తాయి గానీ గ్రాంటు మీదే కూర్చుంటే అది మళ్లీ ధనవంతుడి ఒడే అవుతుంది.

ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెప్తాను. ఒక్క పేట, ఒకరో ఇద్దరో మనుషులు అయితే సొంత యాజమాన్యం, పేట వ్యాపారుల నెలవారీ యాడ్స్. ముగ్గురు విలేకరులు దాటితే, లేదా మొదలుపెట్టినవాళ్లకి అలసట కనిపిస్తే, ఆలస్యం చేయకుండా సభ్యులున్న సంస్థగా మార్చేయాలి. గొలుసు కంపెనీ కొంటానని వస్తే నేనైతే ఇవ్వను. ఏ దారి పట్టినా పాఠకుల ఈమెయిళ్లు సైటు దగ్గరే ఉండాలి. కెనడాలో 2023 ఆగస్టులో మెటా కంపెనీ తన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలను ఆపేసింది. పాఠకులు ఫేస్‌బుక్‌లోనే ఉన్న చిన్న సైట్లు వాళ్ల దగ్గరికి చేరే దారినే పోగొట్టుకున్నాయి.

ఇంకొక కాగితం కూడా సైటు బాగున్న రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. రేపు మూయాల్సి వస్తే పాఠకులకు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డొమైన్ ఎవరు కట్టాలి, ఇన్నేళ్ల వార్తలను ఏ గ్రంథాలయానికి అప్పగించాలి అని.