పసిబిడ్డతో ఫొటోలకు పట్టుచీరా, మంగళగిరి నూలుచీరా?

బారసాల రోజున పట్టుచీరే కట్టుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని తీయించుకునే ఫొటోలకు నా ఓటు మంగళగిరి నూలుకే.

తెల్లగోడ, టేకు ఉయ్యాల, ఇత్తడి దీపాలు ఉన్న ఇంట్లో మెరూన్ పట్టు నిండుగా ఉంటుంది, కాదనను. చిక్కల్లా జరీతోనే. ఫ్లాష్ పడితే అదే మెరిసి, చూపు బిడ్డ మీద నిలవనివ్వదు. పైగా అంచు లేత చెంపకు గీసుకుంటుంది. పాలు కక్కితే డ్రైక్లీనింగ్ టెన్షన్ ఒకటి.

నూలు మెత్తన, ఉతుక్కోవచ్చు. జరీ లేని అంచు చూసుకోండి. అందరికీ ఒకే రంగు వద్దు. అమ్మకు గంధం రంగు చీర, నాన్నకు తెల్ల చొక్కా, అక్క గౌనుకు మాత్రం కర్టెన్‌లోని నీలం వస్తే చాలు, ఇల్లూ మనుషులూ కలిసిపోతారు.

ఏది కట్టినా గోడను చూడండి. చిలకాకుపచ్చ గోడ ఛాయ బిడ్డ ముఖం మీద పడుతుంది; వెనకా పక్కనా తెల్ల దుప్పటి వేలాడదీయండి. కామెర్లు ఇంకా తగ్గని బిడ్డకైతే పసుపు బట్టలు వద్దు, ఒళ్లు ఇంకా పచ్చగా కనిపిస్తుంది.