పాత ఇంటి అటకకు ఏ ఇన్సులేషన్ కొనాలి: గ్లాస్ ఊల్ నుంచి స్ప్రే ఫోమ్ దాకా

ప్యాకెట్ మీది ఉష్ణవాహకత అంకె (సరుకులోంచి వేడి ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పేది, తక్కువైతేనే మేలు) ఒక్కటే చూసి కొంటే, పాత ఇంట్లో డబ్బు దండగయ్యే అవకాశం ఎక్కువ. ఆ అంకె తప్పని కాదు. అది ప్రయోగశాలలో, సందు లేకుండా అమర్చిన నమూనాకు వచ్చిన అంకె. పాత అటకలో దూలాల మధ్య ఒక గడి 350 మిల్లీమీటర్లుంటే పక్కది 420 ఉంటుంది, దూలం కాస్త వంగి కూడా ఉంటుంది. అందుకే ఇక్కడ సరుకుల్ని రెండు ప్రశ్నలతో తూచాం: వంకర గడిలో సందు లేకుండా ఒదుగుతుందా? చెమ్మ చేరితే మళ్లీ ఆరనిస్తుందా?

మొదటి మార్కు గాజు పీచుతో చేసే గ్లాస్ ఊల్ రోల్‌కే. అటక రోల్ ఉష్ణవాహకత సాధారణంగా 0.044 దగ్గర ఉంటుంది. 270 మిల్లీమీటర్ల మందం వేస్తే మీటర్లలో 0.27ను 0.044తో భాగించి, ఆర్ విలువ (వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పేది, ఎక్కువైతే మేలు) 6.1 వస్తుంది. చదరపు మీటరుకు బరువు సుమారు 3 కిలోలే కాబట్టి పాత సీలింగ్‌కూ భారం కాదు. మొత్తం మందాన్ని ఒకే పొరగా వేయొద్దు. దూలాల మధ్య 100, వాటి మీద అడ్డంగా 170 పరవాలి. దూలం చెక్క ఊల్ కన్నా వేడిని బాగా లాగుతుంది, పై పొర దాన్ని కూడా కప్పేస్తుంది. కింది పొరను గడి కన్నా 10 నుంచి 20 మిల్లీమీటర్లు వెడల్పుగా కత్తిరిస్తే తనంతట తానే పట్టుకుని నిలుస్తుంది. పళ్లున్న పొడవాటి కత్తి చాలు. దురద మాత్రం తప్పదు: నిండు చేతుల చొక్కా, గ్లవుజులు, మాస్కు, కళ్లద్దాలు ఉండాల్సిందే.

ఎంత కొనాలన్నది తేలికే. పై పొరకు అటక మొత్తం వైశాల్యం, కింది పొరకు దూలాలు ఆక్రమించిన చోటు తీసేసి సుమారు పది శాతం తక్కువ. ఆ లెక్కను ప్యాకెట్ మీద రాసిన చదరపు మీటర్లతో భాగించండి.

రాతిని కరిగించి తీసిన పీచు, రాక్ ఊల్ కూడా దాదాపు ఈ కోవే. బరువు ఎక్కువ, శబ్దాన్ని బాగా ఆపుతుంది, మంటకు గ్లాస్ ఊల్ కన్నా ఎక్కువసేపు తట్టుకుంటుంది. పొగగొట్టం పక్కన వేయాల్సింది ఇదే, అదీ గొట్టం తయారీదారు చెప్పిన ఎడం పాటించాకే. సీలింగ్ సున్నపు పూత పెళ్లలుగా ఊడుతుంటే మాత్రం గ్లాస్ ఊల్ మేలు.

గడులు మరీ అడ్డదిడ్డంగా ఉంటే మిషన్‌తో ఊది నింపే సెల్యులోజ్ (కాగితపు పీచు) బాగుంటుంది, మూలమూలకీ చేరుతుంది. కొన్నాళ్లకు పది నుంచి ఇరవై శాతం దాకా కుంగుతుంది కాబట్టి ఆ మేరకు ఎక్కువే నింపించుకోవాలి. వేసినవాళ్లు చూపించే ఎత్తు మొదటి రోజుది. పై కప్పు కారితే ఇది ముద్ద కడుతుంది, తడిసిన భాగాన్ని తీసి మార్చక తప్పదు. గొర్రె ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని మళ్లీ వదులుతుంది, చేతికి దురద పెట్టదు. చెక్క ఉన్న పాత ఇంటికి మంచిదే, కానీ ఖరీదైన సరుకు. పురుగుల మందు పట్టించినదో కాదో అడిగి కొనండి.

పీఐఆర్ బోర్డు (గట్టి ఫోమ్ పలక) అంకెల్లో అందరికన్నా ముందుంటుంది: 0.022. అంటే 135 మిల్లీమీటర్ల బోర్డు 270 గ్లాస్ ఊల్‌కు సమానం. అయితే వంకర దూలాల మధ్య ఎంత కొలిచి కోసినా పక్కన సందు మిగులుతుంది, ఆ సందులోంచి గాలి తిరిగి సగం లాభం పోతుంది. ప్రతి అంచుకూ ఫోమ్, టేపు వేయాలి. ఎత్తు చాలని చోటికీ అటక మూత వెనక్కీ వాడుకోండి, అంతకుమించి వద్దు. తళతళలాడే రేకు పొరల షీటు ఒక్కటే చాలు అనేవాళ్లను నమ్మకండి. అది పనిచేయాలంటే రేకు ముందు 25 మిల్లీమీటర్లు కదలని గాలి ఉండాలి, పైకి చూస్తూ పరిచిన రేకు మీద దుమ్ము పడితే గుణం తగ్గిపోతుంది. ఎండ పడే కప్పు కింద ఊల్‌కు తోడుగా ఉంటే పనికొస్తుంది.

వాసాల మీద చిమ్మే స్ప్రే ఫోమ్ పాత కప్పుకు వద్దే వద్దు. పెంకు పగిలి నీరు కారినా కింద కనిపించదు, చెక్క లోపలే పుచ్చిపోతుంది. పరీక్షించడానికి వచ్చినవారికి వాసం కూడా కనబడదు. తీయాలంటే గీకాలి, ఆ గీకుడుకు చెక్క కూడా దెబ్బతింటుంది.

సరుకు ఎంచుకున్నాక పని చెడేది ఎక్కువగా చెమ్మ వల్లే. ఇన్సులేషన్ వేశాక చలికాలంలో అటక మునుపటికన్నా చల్లబడుతుంది. కింది గదుల్లోంచి వచ్చే ఆవిరి ఆ చలికి కప్పు కింద నీటి బొట్లై పడుతుంది. అందుకే ఊల్ పరచకముందే పైపులు, వైర్లు దూరిన కన్నాలన్నీ పూడ్చాలి. స్నానాల గది ఫ్యాను గొట్టం అటకలో కాకుండా బయటికే వదలాలి. చూరు దగ్గర ఊల్ కుక్కి గాలి దారి మూసేయడం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు, అక్కడ 50 మిల్లీమీటర్ల సందు ఉంచాలి.

ఊల్‌లో పూర్తిగా పూడిన తీగ మోయగల కరెంటు సగానికి పడిపోవచ్చు, కాబట్టి తీగల్ని ఊల్ పైకి ఎత్తండి. థర్మోకోల్ తాకిన పీవీసీ తీగ తొడుగు పెళుసవుతుంది. సీలింగ్‌లో దిగబడిన లైట్లకు వేడిని తట్టే మూతలు లేకుండా పైన ఏమీ కప్పకండి. నీళ్ల ట్యాంకు అటకలో ఉంటే, గడ్డకట్టే చలి ఉండే చోట దాని అడుగున ఊల్ వేయకండి, పక్కలూ మూతా పైపులూ మాత్రమే చుట్టండి.

పాత పొర పొడిగా ఉంటే దాని మీదే కొత్తది వేయొచ్చు. నల్లబడినా ఎలుకలు తొలిచినా తీసేయాలి. మెరిసే గులకల్లాంటి వదులు వెర్మిక్యులైట్ కనిపిస్తే కదపకండి, పాతదాంట్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండవచ్చు, ముందు పరీక్ష చేయించాలి. ఊల్ మీద సామాను పెట్టుకోవాలనుకుంటే పలకల్ని నేరుగా దూలాల మీద బిగించి ఊల్‌ను నొక్కకండి. 270 పొర 100కు అణిగితే ఆర్ విలువ సగానికి పైగా పోతుంది. కాళ్లున్న స్టాండ్లు పెట్టి పలకను పైకి లేపాలి.