పాత స్టాంపు: ముద్ర చదవాలా, పళ్ళు లెక్కపెట్టాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్ళలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే ఎక్కువగా బయటపడేవి కార్డులు, ఇన్లాండ్ లెటర్లు. వాటి మీద స్టాంపు అచ్చులోనే ఉంటుంది, లెక్కపెట్టడానికి అంచున పళ్ళే (స్టాంపులు విడదీసే చిల్లుల వల్ల వచ్చే గాట్లే) ఉండవు. అందుకే పాత స్టాంపు ఏ కాలానిదో తేల్చడానికి మన వైపు వాళ్ళు ముందు దేన్ని చూడాలంటే నా ఓటు తపాలా ముద్రకే.

కందుకూరునే తీసుకోండి. 1970 దాకా అది నెల్లూరు జిల్లా. ఆ ఏడు కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిసింది. ఆ జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో మళ్ళీ నెల్లూరుకు మారింది, పిన్ కోడ్ మాత్రం అప్పుడు కూడా 523తో మొదలయ్యేదే ఉండిపోయింది. కాబట్టి ముద్రలో ఊరితో పాటు జిల్లా పేరు కూడా ఉంటే, తేదీ చెరిగిపోయినా కాలం కొంతవరకు తేలుతుంది. పిన్ కనబడిందా, అది 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. ఏడాది రెండంకెల్లోనే ఉందని తికమకపడక్కర్లేదు: ‘08’ ముద్ర కింద ఎడ్వర్డ్ రాజు బొమ్మ ఉంటే అది 1908. సిరా వెలిసిపోతే ఫోనులో ఫొటో తీసి కాంట్రాస్ట్ పెంచండి, అక్షరాలు చాలాసార్లు పైకి తేలతాయి.

పళ్ళ లెక్క అంటే రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో చూడటం. మామూలు స్కేలుతోనూ చేయొచ్చు, కళ్ళు మాత్రం లాగేస్తాయి. విక్టోరియా స్టాంపుల దగ్గర ఇది పెద్దగా అక్కరకు రాదు. 1854లో వచ్చిన అర్ధణా, అణా స్టాంపులకు చిల్లులే లేవు, కోసి అతికించేవారు. 1855 నుంచి వచ్చిన డి లా ర్యూ కంపెనీ అచ్చువాటిలో దాదాపు అన్నిటికీ 14 చిల్లులే. వాటిలో ముందూ వెనకా తేల్చేది కాగితంలోని వాటర్‌మార్కు, అంటే వెలుతురుకు పట్టి చూస్తే కనబడే గుర్తు: ఏనుగు తల 1865 నాటిది, నక్షత్రం 1880ల నుంచి వచ్చింది.

పళ్ళు గెలిచేది నకిలీల దగ్గర. 1948లో స్విట్జర్లాండ్‌లో అచ్చయిన గాంధీ స్టాంపులకు పళ్ళ లెక్క (పెర్ఫొరేషన్) 11½. వాటిలో పది రూపాయలదానికి నకిలీలు ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపితే ముద్రను నమ్మొద్దు, దొంగ ముద్ర కొట్టడం ఎంతసేపు? స్కేలు తీయండి. లెక్క కుదరకపోతే డబ్బులు జేబులోనే ఉంచుకోండి. కుదిరినా అసలుదని ఖాయం కాదు, తెలిసినవాళ్ళకు చూపించాల్సిందే.

ఏది చూసినా, కవరు మీది స్టాంపును నీళ్ళలో నానబెట్టి ఊడదీయకండి. పళ్ళు అతికి ఉండగానే కొలవొచ్చు. ముద్ర మాత్రం సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడి ఉంటుంది. విడదీస్తే ఊరి పేరు ఒక ముక్కలో, తేదీ ఇంకో ముక్కలో మిగులుతాయి.