ఆరో నంబర్ హైవే బంగారం, టోబర్మోరీలో గదే దోపిడీ

కెనడాలోని ఒంటారియోలో, ఆరో నంబర్ హైవే మీద ఫెర్రీ ఎక్కే ఊరు టోబర్మోరీ. అక్కడ గది తీసుకోబోయేవాళ్లు ముందు ఇది చదవండి. మేం దిగిన మోటెల్‌లో రాత్రికి 289 డాలర్లు, 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అక్కడి అమ్మకం పన్ను)తో 326.57. తలుపు తీయగానే బూజు వాసన. కెటిల్ లేదు. పొద్దున్నే కాఫీ పడకపోతే మా అత్తగారికి తలనొప్పి. వేడినీళ్లు అడిగితే, కౌంటర్ కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే ఎదురుగా కఫే ఉంది, ఎనిమిదికి తెరుస్తారు అన్నాడు. రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నంజుకున్నామా, పుండు మీద కారం చల్లినట్టు, ఖాళీ చేసేటప్పుడు ‘వాసన’ పేరుతో 75 డాలర్ల క్లీనింగ్ ఫీజు! మరి ఆ బూజుకు మాకెవరిస్తారు? మా ఆవిడ గట్టిగా నిలదీస్తే 40 తగ్గించారు. “బాబూ, మన నూజివీడు లాడ్జీయే నయం” అని అత్తగారు ఫెర్రీ ఎక్కేదాకా సణుగుతూనే ఉన్నారు.

రోడ్డుకు మాత్రం వంక పెట్టలేం. ఒంటారియో ఆరో నంబర్ హైవే ఈరీ సరస్సు ఒడ్డున పోర్ట్ డోవర్‌లో మొదలై హామిల్టన్, గ్వెల్ఫ్ మీదుగా ఉత్తరానికి పోతుంది. బ్రాంప్టన్ నుంచి వచ్చిన మేం ఆర్థర్‌లో ఎక్కాం. అక్కణ్నుంచి ఓవెన్ సౌండ్ దాకా ఇది పాత గరఫ్రాక్సా రోడ్డే. 1840లలో వలసదారులకు భూములిచ్చి ఈ దారి వెంబడే కుదురుకునేలా చేశారు. డర్హమ్ ఊళ్లో వీధి బోర్డుల మీద ఇప్పటికీ ఆ పేరే.

టోబర్మోరీలో రోడ్డు నీళ్ల దగ్గర ఆగుతుంది. 1974 నుంచి నడుస్తున్న చీ-చీమాన్ ఫెర్రీ కారుతో సహా మానిటౌలిన్ దీవిలోని సౌత్ బేమౌత్‌కు చేరుస్తుంది. దాదాపు రెండు గంటలు. చలికాలం నడవదు. వేసవిలో కారుకు ముందే బుక్ చేసుకోండి. అవతలి ముక్క ఒకప్పుడు 68వ నంబర్ హైవే, తర్వాత ఇందులో కలిపారు.

దీవి దాటించే లిటిల్ కరెంట్ వంతెన 1913లో రైళ్ల కోసం కట్టింది. ఒకటే వరుస, సిగ్నల్ పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు వదులుతారు. వేసవి పగళ్లలో గంటకోసారి పడవల కోసం వంతెన మొత్తం పక్కకు తిరిగి, పావుగంట అలాగే ఉంటుంది. ఇంజిన్ ఆపి అందరం దిగాం. ఇనుప దూలాలు కిర్రుమంటూ తిరుగుతుంటే అత్తగారు మోటెల్ సంగతే మర్చిపోయి వీడియో తీశారు. పక్కనే బండిలో 21.50కి వేడివేడి వైట్‌ఫిష్, బంగాళాదుంప వేపుడు. ఆ ట్రిప్పులో డబ్బుకు తగ్గ తిండి అదొక్కటే.

ఎస్పనోలా దాటాక ఈ రోడ్డు 17వ నంబర్ హైవేలో కలుస్తుంది. రాత్రికి టోబర్మోరీలో కాకుండా, దానికి ముందే ఓవెన్ సౌండ్‌లోనో వయర్టన్‌లోనో ఆగి, తెల్లారే లేచి ఫెర్రీ పట్టుకోండి. తిరుగు ప్రయాణం సడ్‌బరీ మీదుగా పెట్టుకుంటే రెండో ఫెర్రీ టికెట్ ఖర్చు తప్పుతుంది.