ఎల్పీ అట్టలు, కాసెట్ కవర్లు దాచుకోవాలా? ముప్పై ఏళ్లు దాచాక నా అనుభవం

మా ఇంట్లో నలభై ఆరు ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు), రెండు వందల పైచిలుకు కాసెట్లు, అట్టపెట్టె నిండా సీడీలు ఉండేవి. ఎల్పీలు నాన్నగారివి. మిగతావన్నీ మా విజయవాడ బీసెంట్ రోడ్డులో తిరిగి తిరిగి నేను కొన్నవి. "పాటలన్నీ ఫోన్లో ఉన్నాయిగా, ఈ డబ్బాలెందుకే" అని మా ఆయన, "పాట ఎవరు రాశారో ఫోన్ చెబుతుందా, అట్ట చెబుతుంది గానీ" అని నేను. ఇరవై ఏళ్ల పాటు ఇదే గొడవ.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి మా సింగ్‌నగర్ వీధిలోకి వచ్చింది. మేం పై వాటాలోకి ఎక్కాం. కింద బీరువా అడుగు అరలో నిలబెట్టిన ఎల్పీలు మాత్రం ఐదారు రోజులు బురదనీళ్లలోనే ఉండిపోయాయి. అటక మీది కాసెట్లకు చుక్క తగల్లేదు.

నీళ్లు తీశాక చూస్తే అట్టలన్నీ ఉబ్బి, నానిన అప్పడాల కట్టలా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ప్లేట్లను బయటికి లాగి, బకెట్ నీళ్లలో గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి, మెత్తటి నూలుగుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచాను. మంచినీళ్లతో కడిగి వంటింటి గిన్నెల స్టాండులో కంచాల్లా నిలబెట్టి ఆరబెట్టాను. నలభై మూడు మళ్లీ పాడాయి! మధ్యలో ఉండే గుండ్రటి కాగితం కూడా ఊడలేదు. దాన్ని జిగురుతో అంటించరట, ప్లేటు అచ్చు పోసేటప్పుడే వేడి మీద నొక్కేస్తారట.

ఇక్కడే నా వాదన వీగిపోయింది. సినిమా పేరు, పాట, పాడినవాళ్లు, రాసినవాళ్లు, అన్నీ ఆ గుండ్రటి కాగితం మీదే ఉన్నాయి. అంటే వివరాల కోసమే అయితే ఎల్పీ అట్ట అక్కర్లేదు. మరి పోయిందేమిటి? పన్నెండంగుళాల బొమ్మ. పోస్టర్లు గీసేవాళ్ల కుంచెతో హీరో బుగ్గలకు గులాబీ రంగు, ఆకాశానికి ఊదా రంగు. ఆ తర్వాత వచ్చిన ఏ సైజులోనూ ఆ బొమ్మ ఇమడలేదు. ఇంకోటి, వెనక కింది మూలన నాన్నగారు ఇంకు పెన్నుతో వేసిన తారీఖు, ధర. నీళ్లకు అది నీలి మరకైపోయింది.

కొన్నాళ్లకు పాత రికార్డులు కొనే ఆయన వచ్చాడు. ప్లేట్లు ఎండకు వాల్చి చూసి, "అట్టలేవమ్మా?" అన్నాడు. లేవనగానే చెప్పిన ధరలో సగం కోసేశాడు. అమ్మలేదనుకోండి. అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు మాత్రం అట్టలు పారేయకండి.

కాసెట్ల సంగతి వేరు. కాసెట్ మీద సినిమా పేరు, ఏ వైపో, బీ వైపో తప్ప చాలాసార్లు ఇంకేం ఉండదు. పైగా ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకోటి. లోపలి అట్ట మడతలు విప్పితే తప్ప ఏ పాట ఎవరిదో తెలియదు. నా దగ్గరున్న ఒక అట్టలో ఎరుపు రంగు అచ్చు జరిగిపోయి, హీరోయిన్ బొట్టు కనుబొమ మీదికి వెళ్లింది. కానీ లోపలి మడతలో, చీమ తలకాయంత అక్షరాల్లో, ప్రతి పాట పక్కనా రాసిన కవి పేరుంది. అదే పాటకు ఫోన్లో చూస్తే కవి పేరుండాల్సిన చోట సంగీత దర్శకుడి పేరుంది. మా ఇంట్లో మూడు పందేలు ఈ మడతల వల్లే గెలిచాను.

వీటన్నిటికన్నా నాకు ముద్దొచ్చేవి అచ్చువేసినవి కావు. గవర్నర్‌పేటలో రికార్డింగ్ షాపు ఒకటుండేది. కాగితం మీద పాటల జాబితా, ఖాళీ కాసెట్టు ఇచ్చొస్తే నాలుగు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. లోపలి కార్డు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో వరస నంబర్లు. సీ-90 అంటే వైపుకి నలభై ఐదు నిమిషాలే కదా, చివరి పాట మధ్యలో తెగితే దాని పక్కన నిజాయితీగా 'సగం' అని రాసేవాడు.

సీడీ డబ్బాలకు మాత్రం ఐదుకి ఒకటి కూడా ఇవ్వను. మూత బిజాగరీ రెండో నెలకే విరుగుతుంది, చోటు మూడింతలు తింటుంది. వంద పాటల ఎంపీత్రీ సీడీలకైతే పేర్ల పట్టీ తప్ప ఏమీ ఉండదు. పైగా పురుగు పట్టకూడదని నేను కలరా ఉండలు వేశాను. ఒక ఉండ ప్లాస్టిక్ మూతను మెత్తబరచి దానికే అతుక్కుపోయింది. లోపలి పుస్తకాలు, సీడీలు తీసుకుని, ఖాళీ డబ్బాలన్నీ పాత సామాన్ల బండికి వేశాం. మా ఆయన చేత్తోనే వేయించాను, ఆ సంతోషం ఆయనకూ దక్కాలిగా.

దాచే పద్ధతిలో నేను చేసిన ఇంకో తప్పు: స్కూలు పుస్తకాలకు వేసే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు తొడగడం. మన మే నెల ఎండలకు అది చెమర్చినట్టై, అట్ట మీది రంగును ఊడబెరుక్కుంది. ఇప్పుడు కాసెట్ అట్టల్ని మడత విప్పి, మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి, ఫైళ్లలో వేశాను. రెండు వందలూ రెండు ఫైళ్లలో పట్టేశాయి. మొన్న మా అమ్మాయి ప్రతి అట్టకూ రెండు వైపులా ఫోటో తీసింది. వేపాకు వేస్తున్నాను, పురుగు ఇంకా కనపళ్లేదు.

ఎల్పీలకు ఖాకీ అట్టతో సంచులు కుట్టించి, బీరువా పై అరలోకి మార్చాను. తడిసిన అట్టల్లో రెండే మిగిలాయి, అవీ ఒకదానికొకటి అతుక్కునే. ఆవిరి పడితే విడిపోతాయని ఎవరో చెప్పారు. కెటిల్ పెట్టి, చూసి, స్విచ్ ఆపేశాను.