చంటిపిల్లలతో న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్: పెద్దదాన్ని వదిలేసి పక్కనున్న చిన్నదానికి వెళ్ళండి

ముందే చెప్పేస్తున్నా, ఇది పెళ్ళికాని కుర్రాళ్ళకో కొత్త జంటలకో రాస్తున్న రివ్యూ కాదు. స్ట్రోలర్ ఒకటి, డైపర్ బ్యాగ్ ఒకటి, పది అడుగులకోసారి "అమ్మా కాళ్ళు నొప్పి" అనే ఐదేళ్ళ పిల్ల ఒకటి, ఇవన్నీ వెంటేసుకుని చలిలో బయల్దేరే నాలాంటి వాళ్ళకి. మేం ఉండేది జర్మనీలో, ఎర్లాంగెన్ అనే ఊళ్ళో, న్యూరెంబర్గ్‌కి ట్రైన్లో ఇరవై నిమిషాలు అంతే. 2024 డిసెంబర్‌లో రెండుసార్లు వెళ్ళాం, ఒకసారి ఏడుస్తూ తిరిగొచ్చాం, ఒకసారి పిల్లలు రామన్నా లాక్కొచ్చాం, ఆ తేడా ఎక్కడొచ్చిందో చెప్దామని ఇదంతా.

మాది గుంటూరు. మాకు క్రిస్మస్ అంటే ఇంటిమీద కాగితం స్టారు, అందులో బల్బు, అర్ధరాత్రి గిటారు డప్పు వేసుకుని క్యారల్స్ వాళ్ళొచ్చి తలుపు కొడితే నిద్రకళ్ళతో లేచి టీ పెట్టడం, మా అత్తయ్య అరిసెల పాకం పట్టేరోజు వీధి చివరిదాకా బెల్లం వాసన. ఇక్కడేమో డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి, రాత్రి పది దాటాక వాషింగ్ మెషిన్ వేస్తే పొద్దున్నే తలుపుకి చీటీ అంటించి ఉంటుంది, ఇంక క్యారల్స్ మాట ఎత్తకూడదు. మా పెద్దది పుట్టింది గుంటూర్లోనే గానీ దానికి అక్కడి పండగ ఒక్కటీ గుర్తులేదు, చిన్నోడికి రెండేళ్ళు, వాడికి ఏ పండగైనా చాక్లెట్టే. అందుకని ఈసారి ఊళ్ళో ఎలాగో లేం కదా, ఇక్కడిదైనా సరిగ్గా చూపిద్దాం అని మా ఆయనా నేనూ డిసైడయ్యాం.

న్యూరెంబర్గ్ మార్కెట్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. హౌప్ట్‌మార్క్ట్ అని ఊరి మధ్యలో ఫ్రావెన్‌కిర్ఖె చర్చి ముందు పెద్ద చౌకు, అందులో చెక్క స్టాళ్ళు దాదాపు 180, పైన ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పులు, మన తిరునాళ్ళలో అంగళ్ళు వేసినట్టే వరసలు వరసలుగా. అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలం, దాని మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం మొదలై 24 మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు, ఈ రెండో సంగతి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మన లెక్కలో పండగ 25న కదా, తీరిగ్గా 24 సాయంత్రం వెళ్దాం అనుకుంటే అక్కడ స్టాళ్ళు విప్పేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఈ మార్కెట్ ఉన్నట్టు దొరికిన పాత ఆధారం 1628 నాటిది అంటే లెక్కేసుకోండి.

మొదటిసారి మేం వెళ్ళింది శనివారం సాయంత్రం ఐదింటికి. తప్పు మాదే, లైట్లు బావుంటాయని చీకటి పడ్డాక బయల్దేరాం. లైట్లు బావున్నమాట నిజమే, కానీ అవి చూసింది మా ఆయన భుజాలమీద కూర్చున్న పెద్దది ఒక్కతే. స్ట్రోలర్లో ఉన్న చిన్నోడి ఎత్తుకి ఏం కనపడుతుందండీ, కోట్లు, బ్యాగులు, మోకాళ్ళు, అంతే. కింద రాళ్ళు పరిచిన నేల, చక్రాలు గడగడలాడతాయి, ముందు మనిషి ఆగితే వెనక వందమంది ఆగుతారు, పక్కకి తప్పుకుందామంటే పక్కన గ్లూవైన్, అదే మసాలా వేసి వేడిచేసిన వైన్, తాగే గుంపు. వాడు పావుగంట ఓపిక పట్టి తర్వాత అందుకున్నాడు చూడండి రాగం.

వాణ్ణి ఊరుకోబెడదామని ఒక స్టాల్లో జ్వెచ్‌గెన్‌మెన్లే కొన్నా. ఎండు ఆలూబుఖారా పళ్ళని తీగకి గుచ్చి కాళ్ళు చేతులు చేస్తారు, అక్రోటు కాయ తలకాయ, దానికి కళ్ళూ ముక్కూ గీసి చిన్న చిన్న బట్టలు తొడుగుతారు, న్యూరెంబర్గ్ వాళ్ళ ముద్దుల బొమ్మ ఇది. నేను డబ్బులిచ్చి చిల్లర తీసుకునే లోపల మావాడు దాని ఎడమకాలు నోట్లో పెట్టి కొరికేశాడు. వాడి తప్పేముంది, పండు వాసన వచ్చింది, తిన్నాడు. తీగ గుచ్చుకుంటుందని నేను నోట్లో వేలు పెట్టి తీస్తుంటే ఆ అమ్మే ముసలావిడ నవ్వి, తినేది కాదు నాన్నా అన్నట్టు వేలు ఊపి, గోరంత లేబ్‌కూఖెన్ ముక్క, ఇక్కడి మసాలా బిస్కెట్టు, వాడి చేతిలో పెట్టింది. ఒంటికాలి బొమ్మ ఇప్పటికీ మా టీవీ పక్కనే ఉంది.

ఆ తర్వాత డైపర్ మార్చాల్సొచ్చింది. దగ్గర్లో ఒక కఫేకి వెళ్తే ముందు కూర్చుని ఆర్డర్ ఇవ్వండి తర్వాత చూద్దాం అన్నాడు, చిన్నోడు చూస్తే ఏడుస్తున్నాడు, కూర్చోడానికి ఖాళీ లేదు, చివరికి ఒక పెద్ద బట్టల షాపులో పైఅంతస్తుకి ఎక్కి పని కానిచ్చాం. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర, పెద్దది ట్రైన్లోనే నిద్రపోయింది, ఇంక జన్మలో రాను అని మా ఆయన. ఆ శనివారానికి నా మార్కులు ఐదుకి రెండు, ఆ రెండూ కూడా లేబ్‌కూఖెన్ ఇచ్చిన ఆవిడకే.

అయితే మా పెద్దది వెళ్ళే కీటాలో, అంటే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, ఒక జర్మన్ తల్లి ఇదంతా విని నవ్వి, చిన్నపిల్లలతో అటెందుకు వెళ్ళావు, హాన్స్-జాక్స్-ప్లాట్జ్‌కి వెళ్ళు, మంగళవారం పొద్దున్నే వెళ్ళు అంది. ఆ మాట విన్నాక మా ఆయన సెలవు పెట్టాడు.

అక్కడ పెట్టేది కిండర్‌వైనాఖ్ట్, అంటే పిల్లల క్రిస్మస్ మార్కెట్ అన్నమాట, పెద్ద మార్కెట్‌నుంచి నడిచి రెండు మూడు నిమిషాలు, కానీ చాలామంది టూరిస్టులు అటు రానే రారు. చిన్న చౌకు, మధ్యలో రెండంతస్తుల రంగులరాట్నం, ఒక బుల్లి జెయింట్ వీల్, పిల్లల్ని ఎక్కించుకుని గుండ్రంగా తిరిగే పొగబండి. పెద్ద మార్కెట్లో రాట్నాలు ఉండవు, పిల్లలకి కావల్సినవన్నీ ఇక్కడికే తెచ్చి పెట్టారు. పదింటికి తెరిచారు, మేం పదీపదికి ఉన్నాం, పొగబండిలో మా ఇద్దరూ, ఇంకో నలుగురు పిల్లలూ తప్ప ఎవరూ లేరు. చిన్నోడు మూడు రౌండ్లు తిరిగాడు, ప్రతిసారీ నేను నిలబడ్డ చోటికి రాగానే ఎక్కడికో దూరదేశం పోతున్నట్టు టాటా చెప్పడం.

నాకు అన్నిటికన్నా నచ్చింది కొవ్వొత్తులు చేసే స్టాల్. పిల్లలు చేసేది అక్కడ నిజంగా పిల్లలే చేస్తారు, మనం చెయ్యిపెట్టబోతే ఊరుకోరు. పెద్దదాని చేతికి ఒక ఒత్తి ఇచ్చారు, దాన్ని కరిగిన మైనంలో ముంచాలి, తియ్యాలి, కాస్త ఆరనివ్వాలి, మళ్ళీ ముంచాలి. మొదటి నాలుగైదుసార్లు ఏమీ కనపడలేదు, దారానికి తడి అంటినట్టుంది అంతే, అది నా మొహంకేసి చూసింది, ఇదేంటి మోసం అన్నట్టు. పదోసారికి అగ్గిపుల్లంత అయింది. అప్పట్నుంచి దానికి పట్టుదల వచ్చేసింది, నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, ముంచి తీసి పైకెత్తి చూసుకోడం, మైనం బొట్టు కొసన ఆగి జారుతుంటే "ఆగు ఆగు" అని దాన్ని బతిమాలడం. దాదాపు అరగంట ఒక్కచోట నిలబడింది నా కూతురు, ఇంట్లో అన్నం దగ్గర మూడు నిమిషాలు నిలబడదు. చివరికి వచ్చిన కొవ్వొత్తి కొంచెం వంకర, కింద లావు పైన సన్నం, మునక్కాడలాగా ఉంది. పక్కనే కుకీలు చేసే చోటు కూడా ఉంది, పిండి కోసుకుని కాల్పించుకోవచ్చు, చిన్నోడు పిండి తినేశాడు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పలేను.

పన్నెండింటికి మటుకు పెద్ద చౌక్‌కి రండి. ఫ్రావెన్‌కిర్ఖె ముందువైపు గడియారం కింద చక్రవర్తి బొమ్మ కూర్చుని ఉంటుంది, సరిగ్గా మధ్యాహ్నం పన్నెండుకి తలుపు తెరుచుకుని, చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు వచ్చి ఆయన చుట్టూ మూడుసార్లు తిరుగుతారు, 1509లో పెట్టినది ఇది, కరెంటు లేని కాలంలో. మావాడు నోరు తెరుచుకుని చూసి అయిపోగానే "మళ్ళీ" అన్నాడు. మళ్ళీ రేపేరా అంటే ఒప్పుకోడే. మంగళవారం మధ్యాహ్నం కాబట్టి స్ట్రోలర్ తిరిగింది, స్టాళ్ళు చూడనిచ్చింది, శనివారం చూసింది ఈ మార్కెట్టేనా అనిపించింది.

తిండి సంగతి. న్యూరెంబర్గ్ సాసేజీలు వేలంతే ఉంటాయి, ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, మూడు పెట్టి బన్నులో ఇస్తారు, డ్రై ఇమ్ వెగ్‌లా అని అడగాలి. పంది మాంసం, తిననివాళ్ళు చూసుకోండి. మా పెద్దది కారం లేదని మొహం పెట్టి తర్వాత రెండు బన్నులు లాగించింది. శాకాహారులకి బంగాళదుంప తురుముతో వేసే అట్టు దొరుకుతుంది, దానికి యాపిల్ గుజ్జు నంజుకోమంటారు, నాకైతే ఆవకాయ లేక ప్రాణం పోయింది. చక్కెర పాకం పట్టిన వేడి బాదంపప్పు మాత్రం కళ్ళు మూసుకుని కొనండి. లేబ్‌కూఖెన్లో ఎలీజెన్ అని రాసినవే తీసుకోండి, వాటిలో కనీసం నాలుగోవంతు గింజపప్పులే ఉండాలి, మైదా పదిశాతం దాటకూడదు అని రూల్ ఉంది, మిగతావాటికీ దానికీ సున్నుండకీ పిండి లడ్డుకీ ఉన్నంత తేడా.

పిల్లలకి తాగడానికి కిండర్‌పున్ష్, పళ్ళరసం వేడి చేసి మసాలా వేసినది, మద్యం ఉండదు, కానీ గ్లూవైన్ కూడా అదే రంగు కాబట్టి పేరు గట్టిగా చెప్పండి. పింగాణీ కప్పులో ఇస్తారు, కప్పుకి డిపాజిట్ తీసుకుంటారు, ఫాండ్ అంటారు, కప్పు తిరిగిస్తే వెనక్కిస్తారు. కప్పు మీద డిజైన్ ఏటేటా మారుతుంది. మేం ఒక స్టాల్లో తాగి ఇంకో స్టాల్లో ఇవ్వబోతే ఇది మా కప్పు కాదు పొమ్మన్నాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళే ఓపిక లేక రెండు కప్పులు మాకే మిగిలిపోయాయి.

ఇంక అసలు గొడవ ఇంటికొచ్చాక. ఇక్కడ బవేరియా వైపు పిల్లలకి గిఫ్టులు తెచ్చేది క్రిస్మస్ తాత కాదు, క్రిస్ట్‌కిండ్. అదీ 24 సాయంత్రమే. న్యూరెంబర్గ్‌లో క్రిస్ట్‌కిండ్‌గా రెండేళ్ళకోసారి ఒక అమ్మాయిని ఎన్నుకుంటారు, 16 నుంచి 19 ఏళ్ళ లోపు ఉండాలి, 160 సెంటీమీటర్లకి తగ్గకూడదు, ఎత్తుకి కళ్ళు తిరగకూడదు, ఎందుకంటే మార్కెట్ మొదలయ్యేరోజు ఆ చర్చి బాల్కనీమీద నిలబడి పద్యం చెప్పి అందర్నీ ఆహ్వానించాలి. బంగారు రంగు గౌను, కిరీటం, ఉంగరాల జుట్టు. మా పెద్దది వీడియో కాల్లో వాళ్ళ నానమ్మకి ఇదంతా చెప్పింది.

"క్రిస్ట్‌కిండ్ అంటే ఎవరే?"

"గిఫ్టులు తెచ్చే అక్క, నానమ్మా."

మా ఆయన ఊరుకోకుండా, క్రిస్ట్‌కిండ్ అంటే బాలయేసు అమ్మా అన్నాడు.

"బాలయేసు ఆడపిల్ల ఎప్పుడయ్యాడ్రా?"

ఆ రోజు గంటసేపు ఇదే. పూర్వం గిఫ్టులు డిసెంబర్ 6న సెయింట్ నికోలస్ పేరు మీద ఇచ్చేవారట, ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ వచ్చాక అవి క్రిస్మస్‌కి మారి బాలయేసు పేరు మీదకి వచ్చాయని ఇక్కడ చెప్తారు, న్యూరెంబర్గ్ 1525లోనే లూథర్ వైపు వచ్చేసిన ఊరు. లూథర్ పేరు వినగానే మా అత్తయ్య మెత్తబడింది, ఆవిడ ఏయిఎల్‌సి, అంటే ఆంధ్రా ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, సంఘం మరి, 1842లో గుంటూరొచ్చి మిషన్ పెట్టిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోనే, హెల్మ్‌స్టెడ్ట్‌లో, అది ఆవిడకి మాకన్నా బాగా తెలుసు. 2019లో క్రిస్ట్‌కిండ్‌గా ఎన్నికైన బెనిగ్నా మున్సి నాన్న మన ఇండియాలో పుట్టినాయన అని, అప్పుడు ఒక పార్టీ వాళ్ళ పేజీలో పిచ్చిరాత రాస్తే చాలామంది ఆ పిల్ల పక్షాన నిలబడ్డారని చెప్తే, "అయితే సరేలే" అంది. దేనికి సరేనో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని. మెయిన్ స్టేషన్‌నుంచి యూ1 మెట్రో ఎక్కి లోరెంజ్‌కిర్ఖెలో దిగండి, లిఫ్టు ఉంది. టైం ఉంటే ఊరికే యూ2 గానీ యూ3 గానీ ఒక రెండు స్టేషన్లు ఎక్కించండి, అవి డ్రైవర్ లేని రైళ్ళు, ముందు అద్దం దగ్గర పిల్లలు కూర్చోవచ్చు, మావాడికి రంగులరాట్నం కన్నా అదే పిచ్చెక్కింది. టికెట్‌కి టాగెస్‌టికెట్ ప్లస్ అనే రోజు టికెట్ తీసుకుంటే ఇద్దరు పెద్దాళ్ళకీ పిల్లలకీ కలిపి ఒకటే సరిపోతుంది, ఆరేళ్ళలోపు వాళ్ళకి ఎలాగూ ఫ్రీ. పిల్లలకి రెండో జత సాక్సులు బ్యాగులో పెట్టుకోండి, నేను పెట్టుకోలేదు. 24 మధ్యాహ్నానికి సూపర్ మార్కెట్లు కూడా మూసేస్తారు, 25, 26 రెండురోజులూ తెరవరు, పాలూ డైపర్లూ ముందే కొనిపెట్టుకోండి.

మార్కులు: పిల్లల మార్కెట్‌కి ఐదుకి ఐదు. పెద్ద మార్కెట్‌కి వారం మధ్యలో పగలైతే నాలుగు, వీకెండ్ సాయంత్రం స్ట్రోలర్‌తో అయితే వద్దు.

ఆ వంకర కొవ్వొత్తి 24 సాయంత్రం ఆరున్నరకి వెలిగించాం, గుంటూర్లో పదకొండు, అత్తయ్య పట్టుచీర కట్టుకుని చర్చికి బయల్దేరుతూ ఫోన్లో చూసింది. నిలబెడితే పడిపోతోందని దాన్ని మార్కెట్‌నుంచి మిగిలిన కప్పుల్లో ఒకదానిలో బియ్యం పోసి గుచ్చాం. రెండో కప్పులో ఇప్పుడు ఆవాలున్నాయి.