బండి నాది, నడిపింది ఇంకొకరు: ఆరేళ్లుగా ఈ-చలాన్ కంప్లైంట్ వాడాక నా సమీక్ష

హైదరాబాద్‌లో ఉంటాం. కారూ, స్కూటీ రెండూ నా పేరు మీదే ఉన్నాయి. కారు మాత్రం నాకంటే మా బామ్మర్దే ఎక్కువ నడుపుతాడు, ఊరెళ్లేటప్పుడు యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటే ఆ ప్రయాణం వరకు కిరాయికి వచ్చే డ్రైవర్‌ని పిలుస్తాం. ఎవరు నడిపినా చలాన్ మెసేజ్ వచ్చేది నా ఫోన్‌కే. అలా ఈ ఆరేళ్లలో మూడుసార్లు, చలాన్ నాకు వేయడం సరికాదని ట్రాఫిక్ పోలీసులకి కంప్లైంట్ పెట్టే దాకా వెళ్లాను. ఒక్కటే గెలిచాను. అది ఎందుకు గెలిచానో, మిగతావి ఎందుకు పోయాయో తెలిస్తే మీకు కొంత టెన్షన్ తగ్గుతుందని రాస్తున్నాను.

గెలిచింది స్కూటీది. వేరే జిల్లాలో ముగ్గురు ఎక్కి వెళ్తున్నట్టు ఫొటో వచ్చింది. ఆ రోజు నా స్కూటీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. ఫొటో పెద్దది చేసి చూస్తే అది అసలు స్కూటీయే కాదు, నల్ల బైకు, ఎవరో నా నంబరు రాయించుకున్నారు. ఆర్సీ, నా స్కూటీని ముందు నుంచీ వెనక నుంచీ తీసిన ఫొటోలు, చలాన్ నంబరు, రెండు వాక్యాల వివరణ పంపితే పది రోజుల్లో తీసేశారు. బండే మనది కాదని చూపించగలిగితే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెండోది అవుటర్ రింగ్ రోడ్డు మీద. బామ్మర్ది తెల్లవారుజామున శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్తూ గంటకి 134 కిలోమీటర్ల స్పీడులో పోయాడు. అక్కడ కుడివైపు రెండు లేన్లలో 2023 నుంచి 120 దాకా పోవచ్చు, అంతకుముందు 100 ఉండేది. వెయ్యి రూపాయలు, దాని మీద 35 యూజర్ ఛార్జీ. నేను ఆ సమయానికి నైట్ షిఫ్ట్‌లో ఉన్నాను కాబట్టి ఆఫీసు హాజరు కాగితం జతచేసి "నడిపింది నేను కాదు" అని రాశాను. ఒప్పుకోలేదు. ట్రాఫిక్ పోలీసుల ఆఫీసుకి వెళ్లి అడిగితే అక్కడున్నాయన మర్యాదగానే చెప్పారు, "మీరు కాదంటే సరిపోదండీ, మరి ఎవరు?" అని. అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం అధికారి అడిగినప్పుడు నడిపినవాళ్ల పేరు, చిరునామా, లైసెన్స్ వివరాలు ఓనరే చెప్పాలి. కెమెరాకి నంబరు ప్లేటు కనిపిస్తుంది కానీ వెనక నుంచి తీసిన ఫొటోలో మొహం కనిపించదు కదా, ఆ ఖాళీ మనమే పూరించాలి. బామ్మర్ది పేరు ఇస్తానంటే వాడే "ఎందుకు బావా ఈ గొడవంతా" అని ఫోన్‌లో కట్టేశాడు. ఒకసారి కట్టామంటే తప్పు ఒప్పుకుని రాజీ పడ్డట్టే, ఆ తర్వాత కంప్లైంట్ అంటే ఎవరూ వినరు. అనుమానం ఉంటే కట్టకముందే అడగండి.

మూడోదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. యాక్టింగ్ డ్రైవర్ సిగ్నల్ దాటేశాడు. ఈసారి పద్ధతి తెలుసు కాబట్టి కంప్లైంట్ పెట్టి, నడిపింది నువ్వేనని రాసివ్వమని అతన్ని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పైసలు నేను కడ్త సార్, కాయితం మీద నా పేరు రాయకుండ్రి. లైసెన్స్‌కి ఏమన్నైతే ఇల్లెట్ల గడుస్తది?" అన్నాడు. చట్టం ప్రకారం నేను అడిగింది సరైనదే. అయినా రోజంతా స్టీరింగ్ పట్టుకుని బతికే మనిషికి ఆ కాగితం నాకున్నంత చిన్న విషయం కాదు. కంప్లైంట్ వదిలేసి నేనే కట్టాను, డబ్బు కూడా తీసుకోలేదు. ఇలాంటి వాళ్లకి పేరు నమోదైతే ఏమవుతుంది, ఏమవదు అన్నది చలాన్ మీదే తెలుగులో స్పష్టంగా ఉండాలని గట్టిగా అనుకుంటున్నాను.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో వచ్చిన 167ఏ రూల్ చదివితే కొంత ధైర్యం వస్తుంది. కెమెరా చలాన్‌కి స్పష్టమైన ఫొటో, తేదీ, సమయం, చోటు, స్పీడ్ అయితే మెషిన్ కొలత ఉండాలి, నోటీసు 15 రోజుల్లో పంపాలి, కేసు ముగిసేదాకా రికార్డు దాచాలి. ఫొటో మసగ్గా ఉంటే ఆ మాటే రాయండి, కోపంగా పేజీలు నింపొద్దు.

ఇంకోటి, పెండింగ్ చలాన్ల మీద రాయితీ వస్తుందని కట్టకుండా చూస్తూ కూర్చోవడం. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో టూవీలర్లకి 80 శాతం, కార్లకి 60 శాతం తగ్గించిన మాట నిజమే, కానీ సరిగ్గా కట్టినవాళ్లకి అది అన్యాయం అనిపించింది నాకు.

మైనర్ల విషయంలో మాత్రం "నడిపింది నేను కాదు" అన్న మాట ఓనర్‌ని కాపాడదు. అదే చట్టం 199ఏ సెక్షన్ కింద ఓనర్‌కి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. తనకు తెలియకుండా జరిగిందని ఓనరే రుజువు చేసుకోవాలి. మా అక్క కొడుక్కి పదహారేళ్లు, స్కూటీ తాళం కోసం ఎంత అలిగినా ఇవ్వను.

మొత్తం మీద పదికి ఆరు ఇస్తాను. ఇప్పుడు కారు డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ ఉంది. ఎవరు తీసుకెళ్లినా తేదీ, టైము రాసి సంతకం పెడతారు. మొన్న బామ్మర్దికి ఇంకో చలాన్ వచ్చింది, నోట్‌బుక్ చూసి నన్ను అడగకుండా తనే కట్టాడు.